ఆఖరి రీలు రాని కథ

మన సినిమాల్లో తలనొప్పికి ఉన్న మర్యాద మరే రోగానికీ లేదు. హీరోగారు ఊరికే తల పట్టుకోరు. పాట మధ్యలో ఒక్కసారి కణతలు నొక్కుకున్నారంటే చాలు, నేల టిక్కెట్టులో కూర్చున్న మాకు సంగతంతా తెలిసిపోయేది. ఇంటర్వెల్ తరవాత డాక్టరుగారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటారు. "మూడు నెలలు..." అంటారు. వయొలిన్లు మోగుతాయి. ఆఖరి రీలులో పటానికి పూలదండ! వెండితెర మీద మామూలు తలనొప్పి అనేది లేనే లేదు. కాస్త మందు రాసుకుని పడుకుంటే తగ్గిపోయే తలనొప్పితో ఏ నిర్మాతకు డబ్బులొస్తాయి చెప్పండి?

నా తలనొప్పి కథ చెబుతాను. నా తలలో నిజంగానే ఒకటుంది. 1991లో బయటపడింది. వైద్యులు దాన్ని అరాక్నాయిడ్ సిస్ట్ అంటారు. మన మాటల్లో చెప్పాలంటే నీటితిత్తి. ఇన్నేళ్ళయింది, అది అక్కడే ఉంది, నేనూ ఇక్కడే ఉన్నాను. ఈ కథలో ఆఖరి రీలు రాలేదు. దాని కోసం ఎదురుచూస్తూ నేను పాడుచేసుకోబోయిన బతుకే అసలు కథ.

మాది నాగిరెడ్డిపేట. ఎల్లారెడ్డికీ మెదక్‌కూ నడుమ ఉంటుంది. ఇప్పుడు కామారెడ్డి జిల్లా అంటున్నాం గాని, 2016 దాకా నిజామాబాదు జిల్లాలోనే ఉండేవాళ్ళం. 1922లో కట్టడం పూర్తయిన పోచారం చెరువు మా మండలంలోనే ఉంది. వానాకాలం అది నిండి మత్తడి దుంకుతుంటే చూడ్డానికి చుట్టుపక్కల ఊళ్ళ జనమంతా వస్తారు. మాకు ఉన్న వేడుకలు రెండే. వానాకాలం మత్తడి, మిగతా కాలం సినిమా. ఎల్లారెడ్డికో, మెదక్‌కో, పెద్ద సినిమా అయితే కామారెడ్డికో బస్సెక్కేవాళ్ళం.

1981లో 'ప్రేమాభిషేకం' వచ్చినప్పుడు నాకు పదమూడేళ్ళు. ఇంటిల్లిపాదీ వెళ్ళాం. తనకు కేన్సరని తెలిసిన అక్కినేని నాగేశ్వరరావుగారు, ప్రేమించిన శ్రీదేవి తనను మరచిపోవాలని చెడ్డవాడిగా నటిస్తారు. హాలు హాలంతా ముక్కులు చీదింది. నేనయితే వారం రోజులు అన్నం సరిగా తినలేదు. రోగం వస్తే మగవాడు చేయవలసిన పని ఏమిటో దాసరి నారాయణరావుగారు నాకు ఆ రోజే నేర్పించేశారన్నమాట!

పదిహేడో ఏట నాకు తలనొప్పి మొదలైంది. ఒకవైపే, ఎక్కువగా ఎడమ కణతలో, సుత్తి పెట్టి కొట్టినట్టు వచ్చేది. వెలుతురు చూడలేను, చప్పుడు వినలేను, చివరికి వాంతి. ఎండలో తిరిగినా, అన్నం వేళ తప్పినా, సెకండ్ షో చూసి నిద్ర చెడినా మర్నాడు తప్పదు. అవ్వ దిష్టి తీసేది. శొంఠి అరగదీసి నుదుట పట్టు వేసేది. ఇక అమృతాంజనం సరేసరి. ఆ పసుపుపచ్చ సీసాకు పుట్టుక 1893లో బొంబాయిలో. పుట్టించినవారు మన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు. ఆ మందు అమ్మిన డబ్బుతోనే ఆయన 1908లో 'ఆంధ్రపత్రిక' మొదలుపెట్టారు. అంటే తెలుగువాడి తలనొప్పే తెలుగువాడికి పత్రిక చదవడం అలవాటు చేసిందన్నమాట. నా తలనొప్పికి మాత్రం ఆ సీసా చాలలేదు. మందుల దుకాణంలో గోళీలు కొని మింగడం మొదలుపెట్టాను. ముందు నెలకు రెండు. తరవాత వారానికి రెండు. ఇరవై రెండేళ్ళు వచ్చేసరికి జేబులో పెన్ను లేకపోయినా గోళీల పట్టీ ఉండేది.

అప్పటికి బడిపంతులు ఉద్యోగం వచ్చింది. ఒకరోజు నల్లబల్ల మీద లెక్క రాస్తుంటే, అంకెల మధ్య మెరుపుతీగలాంటి వంకరటింకర వెలుగు కనబడింది. పావుగంట సేపు సగం బల్ల నాకు కనబడలేదు. ఆ వెనకే నొప్పి. ఎల్లారెడ్డిలో చూపించుకుంటే డాక్టరుగారు హైదరాబాదు వెళ్ళి తల స్కానింగు తీయించుకుని రమ్మన్నారు.

సినిమా పత్రిక చదివేవాళ్ళు తెలుసుకోదగ్గ ముచ్చట ఒకటి ఇక్కడ చెప్పాలి. ఆ స్కానింగు యంత్రాన్ని కనిపెట్టింది గాడ్‌ఫ్రీ హౌన్స్‌ఫీల్డ్ అనే ఇంజనీరు. ఆయన పనిచేసింది ఏ ఆసుపత్రిలోనో కాదు, ఇ.ఎం.ఐ. కంపెనీలో! గ్రామఫోను ముందు కుక్క కూర్చున్న బొమ్మతో మన ఘంటసాలగారి పాటలూ సుశీలగారి పాటలూ ఇంటింటికీ తెచ్చిన హెచ్.ఎం.వి. ఆ ఇ.ఎం.ఐ. వారిదే. 1971 అక్టోబరు 1న లండన్‌లోని ఒక ఆసుపత్రిలో మొట్టమొదటి రోగికి ఆ యంత్రంతో తల బొమ్మ తీశారు. అందులో కనిపించింది కూడా ఒక తిత్తే. అయితే అది కణితి తాలూకు తిత్తి. 1979లో హౌన్స్‌ఫీల్డ్‌కూ, ఆ లెక్కలు విడిగా వేసిన అలన్ కార్మాక్‌కూ కలిపి నోబెల్ బహుమతి ఇచ్చారు. పాటల రికార్డులు చేసే కంపెనీ ఒకనాటికి నా తలను ఫిలిం మీదికెక్కిస్తుందని నేననుకున్నానా?

అవును, ఎక్కాను. తెరమీద ఒక్కసారి కనిపించాలని మా ఊరి కుర్రాళ్ళందరికీ ఉండేది. నా ఒక్కడికే ఆ యోగం పట్టింది. పెద్ద నల్ల ఫిలిం మీద నా తల పన్నెండు ముక్కలుగా కోసినట్టు పన్నెండు బొమ్మలు. ఎడమ కణత లోపల నల్లటి మచ్చ. నాలుగు సెంటీమీటర్లు. కింద రిపోర్టులో 'సిస్ట్' అన్న మాట.

చేయవలసిన పని, ఆ ఫిలిం తీసుకుని తిన్నగా పెద్ద డాక్టరు దగ్గరికి వెళ్ళడం. నేను వెళ్ళలేదు. భయం. సాయంత్రం బస్సెక్కి ఇంటిదారి పట్టాను. మర్నాడు తెలిసిన ఒక కంపౌండరుకు చూపించాను. ఆయన ఫిలిం తిరగేసి, మళ్ళీ తిరగేసి, గొంతు తగ్గించి, "తలకాయల గడ్డ ఉన్నది సారూ" అన్నాడు.

వయొలిన్లు మోగాయి!

అప్పటికి మా మేనమామ కూతురితో నా పెళ్ళి అనుకుని ఉన్నారు. చిన్నప్పటి నుంచీ అనుకున్నదే. నాకు ఇష్టం, తనకూ ఇష్టం. ఇంకేం... పదేళ్ళ క్రితం కామారెడ్డిలో నేర్చుకున్న పాఠం అక్కరకొచ్చింది. ఫిలిం కవరు అటక మీద బియ్యం బస్తా వెనక దాచేశాను. మామయ్య ఇంటికి వెళ్ళడం మానేశాను. ఎదురుపడితే మొహం తిప్పుకున్నాను. సిగరెట్టు కాల్చడం రాకపోయినా తను చూసేట్టు కాల్చి, దగ్గి దగ్గి చచ్చాను. "ఈ పెళ్ళి నాకొద్దు, హైదరాబాదుల వేరే పిల్లను చూసుకున్న" అని ఇంట్లో చెప్పేశాను. అవ్వ ఏడ్చింది. నాయిన నాతో మాటలు మానేశాడు. రాత్రిళ్ళు నేను దిండు తడుపుకున్నాను. కాని లోలోపల ఒక గర్వం... దాచుకోవడమెందుకు, ఉండింది. నేను హీరోనై పోయాను.

ఆ ఏడు పోచారం నిండింది. మత్తడి దుంకుతున్నదని ఊరంతా కదిలింది. జనంలో నేనొక పక్కగా నిలబడి నీళ్ళు చూస్తూ, ఇదే నాకు చివరి వానాకాలం అనుకుంటూ ఉంటే, పక్కన ఎవరో వచ్చి నిలబడ్డారు. తనే. చేతిలో ఆ ఫిలిం కవరు!

"ఇదేంది బావా?"

నాకు నోట మాట రాలేదు. బియ్యం చెరగడానికి వచ్చి అటక ఎక్కిందట.

"అది నీకెందుకు? నీకు జెప్పిన గద, హైదరాబాదుల పిల్ల..."

"గా పిల్ల పేరేంది?"

పేరు అనుకోలేదు! సినిమాలో ఇటువంటి ప్రశ్న ఎవరూ అడగరు.

"ప్రేమాభిషేకం నేను గూడ సూసిన బావా," అంది. "మీ అవ్వనే నన్ను తోలుకపోయింది. నాగేశ్వరరావు గిట్లనే చేసిండు. కని ఆయిన డాక్టరు తానికి పోయినంక చేసిండు. నువ్వు పోకముందే చేస్తున్నవ్."

మత్తడి హోరులో కూడా ఆ మాట స్పష్టంగా వినబడింది. ఇప్పటికీ వినబడుతుంది.

వారం తిరక్కుండా తనూ, తన అన్నా నన్ను వెంటబెట్టుకుని హైదరాబాదు తీసుకెళ్ళారు. నరాల డాక్టరుగారు పెద్దాయన. ఫిలింను దీపం పెట్టెకు తగిలించి చూశారు. కళ్ళజోడు తీశారు. నా గుండె ఆగినంత పనయింది. ఆయన కళ్ళజోడు తుడుచుకోలేదు, పక్కన పెట్టి నవ్వారు.

"ఇది నీతో పాటు పుట్టింది నాయనా," అన్నారు. మెదడు మీద సాలెగూడులాంటి పలచటి పొర ఒకటుంటుందట. తల్లి కడుపులో ఉన్నప్పుడే ఆ పొర ఒకచోట రెండుగా విడిపోయి, మెదడు చుట్టూ ఉండే నీరే ఆ సందులో చేరితే ఇలా తిత్తి కడుతుందట. కేన్సరు కాదు. కేన్సరుగా మారదు. చాలామందికి అది ఉన్నట్టు కూడా తెలియకుండానే నిండు జీవితం గడిచిపోతుందట.

"మరి నా తలనొప్పి? సరిగ్గా ఎడమవైపే వస్తుంది కదండీ."

"కుడివైపు ఎప్పుడూ రాలేదా?"

ఆలోచించాను. "వచ్చింది. నాలుగైదు సార్లు."

"అప్పుడు తిత్తి కుడివైపుకు నడిచి వెళ్ళిందా?"

తను ఫక్కున నవ్వింది. నేనూ నవ్వాను. నెల రోజుల తరవాత అదే మొదటి నవ్వు.

నాకున్నది మైగ్రేను. నల్లబల్ల మీద కనిపించిన మెరుపుతీగ కూడా దాని పనే. ఒకే ఇంట్లో రెండు వాటాల్లో ఉన్న అద్దెవాళ్ళ మాదిరి, తిత్తీ మైగ్రేనూ నా తలలో కాపురం ఉంటున్నాయి. వాటికి ఒకదానితో ఒకదానికి మాటల్లేవు. చప్పుడు చేస్తున్నది ఒకరు, నేను అనుమానించింది ఇంకొకరిని!

ఆ తరవాత డాక్టరుగారు అడిగిన ప్రశ్నే నా బతుకును మార్చింది. తిత్తి ఎన్ని సెంటీమీటర్లు అని ఆయన మళ్ళీ చూడలేదు. "నెలలో నీకు ఎన్ని రోజులు పోతున్నాయి?" అని అడిగారు. నాకు అర్థం కాలేదు. "బడికి వెళ్ళలేని రోజులు, వెళ్ళినా పాఠం చెప్పలేని రోజులు, ఇంట్లోవాళ్ళ మీద విసుక్కున్న రోజులు... లెక్కపెట్టు. నీ జబ్బు సైజు అదీ" అన్నారు. లెక్కపెడితే పద్దెనిమిది. గోళీలు మింగిన రోజులు ఇరవైకి పైనే.

ఆ గోళీలే మరో దొంగ. తలనొప్పి మందును నెలలో పది పదిహేను రోజుల కన్నా ఎక్కువగా, నెలల తరబడి మింగుతూ పోతే, ఆ మందే తలనొప్పి తెచ్చిపెడుతుంది. డాక్టరుగారు వాటిని మాన్పించి, నొప్పి రాకుండా రాత్రిపూట వేసుకునే చిన్న మాత్ర ఒకటి రాసిచ్చారు. మానిన మొదటి పది రోజులు నరకం. అబద్ధం చెప్పను, బియ్యం బస్తా వెనక దాచిన పట్టీ కోసం అటక ఎక్కాను. తను ముందే తీసి పారేసింది.

1992లో మా పెళ్ళయింది. అప్పటి నుంచి మా ఇంటి గోడ క్యాలెండరు మీద నొప్పి వచ్చిన రోజున ఎర్ర చుక్క పెట్టడం అలవాటు. మొదటి నెల పద్దెనిమిది చుక్కలు. ఆరు నెలలకు ఏడు. ఏడాదికి నాలుగు. వేళకు అన్నం, వేళకు నిద్ర, ఎండలో తలకు రుమాలు, సెకండ్ షోకు బదులు మాట్నీ... ఇవే నా మందులు. నాలుగు చుక్కలు ఎన్నటికీ సున్నా కాలేదు. నాకు అమావాస్య కన్నా ఆ నాలుగు రోజులే చీకటి. అయినా పద్దెనిమిదికీ నాలుగుకూ నడుమ ఉన్న పద్నాలుగు రోజులున్నాయి చూశారూ, వాటిలోనే నా పిల్లలు పెరిగారు.

పోగొట్టుకున్నవి లేకపోలేదు. కబడ్డీ మానేశాను. అటువంటి తిత్తి ఉన్నవాళ్ళకు తలకు గట్టి దెబ్బ తగిలితే, అరుదుగానే అయినా, మెదడు పైన నెత్తురు చేరే ప్రమాదం ఉంది. స్కూటరు కొన్నాక హెల్మెట్టు లేకుండా ఎక్కలేదు. ఆ రోజుల్లో మా ఊళ్ళో హెల్మెట్టంటే వింత. పిల్లలు వెనకబడి నవ్వేవారు. అంతకన్నా బాధపెట్టింది కనిపించని నొప్పిని ఎవరూ నమ్మకపోవడం. కాలు విరిగితే కట్టు కనిపిస్తుంది. తలనొప్పికి సాక్ష్యం ఏది? సెలవు చీటీ ఇచ్చినప్పుడు మా పై అధికారి ఒకాయన, "నువ్వు పంతులువా, యాక్టరువా?" అన్నాడు. నిజానికి నేను యాక్టింగు చేసింది నొప్పి లేనట్టుగా! దానికి మాత్రం ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

2013లో పెద్దబ్బాయి పట్టుబట్టి ఎమ్మారై తీయించాడు. చెవులు చిల్లులు పడే చప్పుడులో అరగంట పడుకున్నాను. పాత ఫిలిం పక్కన కొత్త బొమ్మ పెట్టి చూశారు. అవే నాలుగు సెంటీమీటర్లు. ఇరవై రెండేళ్ళలో నా జుట్టు నెరిసింది, నడుము వంగింది, ఆ తిత్తి మాత్రం నిత్య యవ్వనంతో ఉంది!

అదే ఏడు అమెరికాలో మిచిగాన్ విశ్వవిద్యాలయం వైద్యులు ఒక లెక్క ప్రచురించారు. ఎమ్మారై తీయించుకున్న 48,417 మంది పెద్దవాళ్ళ బొమ్మలు పరిశీలిస్తే, 661 మంది తలల్లో ఇటువంటి తిత్తి ఉంది. అంటే 1.4 శాతం. ఆ లెక్కన హౌస్‌ఫుల్ బోర్డు పెట్టిన వెయ్యి సీట్ల హాలులో పద్నాలుగు మంది! వాళ్ళలో చాలా కొద్దిమందికే దానివల్ల బాధ. మళ్ళీ మళ్ళీ పరీక్షించినవాళ్ళలో దాదాపు అందరి తిత్తీ పెరగలేదు, తరగలేదు.

అలాగని అందరి కథా నా కథే అనుకోకండి. కొందరికి ఆ తిత్తే మెదడును నొక్కుతుంది. నార్వేలోని బెర్గెన్ నగరం వైద్యులు ఇటువంటివారి మీద ఏళ్ళ తరబడి పరిశోధన చేశారు. ఆపరేషన్ చేసి ఆ నీటికి దారి చేస్తే చాలామందికి తలనొప్పి, తలతిరుగుడు తగ్గాయని, రోజువారీ జీవితం మెరుగుపడిందని రాశారు. తలనొప్పి ఒక్కదాని కోసం తల తెరవడం తొందరపాటు అనే వైద్యులూ ఉన్నారు. ఎవరికి కత్తి, ఎవరికి మాత్ర అన్నది నరాల డాక్టరు తేల్చాలి గాని కంపౌండరు కాదు, సినిమా అంతకన్నా కాదు. తిత్తుల్లో రకాలు కూడా ఉన్నాయి. మెదడు నడిమధ్య నీటి దారిలో వచ్చే కొల్లాయిడ్ సిస్ట్ కేన్సరు కాకపోయినా, ఆ దారి మూసుకుపోతే ప్రాణం మీదికి తెస్తుంది.

అందుచేత తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, ఇవి మాత్రం గుర్తుంచుకోండి. మునుపెన్నడూ ఎరగనంత నొప్పి ఒక్కసారిగా పిడుగులా వచ్చినా, రోజూ పొద్దున లేవగానే వాంతితో వస్తున్నా, దగ్గినా తుమ్మినా ఎక్కువవుతున్నా, చూపు మందగించినా, ఫిట్సు వచ్చినా, కాలో చెయ్యో పట్టు తప్పినా, తలకు దెబ్బ తగిలిన తరవాత మొదలైనా, అమృతాంజనం సీసా పక్కన పెట్టి వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి. రిపోర్టు చేతికొస్తే బియ్యం బస్తా వెనక దాచకండి. దాచినన్నాళ్ళూ నాలుగు సెంటీమీటర్లది నలభై సెంటీమీటర్లయి కూర్చుంటుంది.

మొన్నొకనాటి సాయంత్రం టీవీలో 'గీతాంజలి' వేశారు. 1989 నాటి సినిమా. హీరోకూ జబ్బే, హీరోయిన్‌కూ జబ్బే. అయినా మణిరత్నంగారు చివర ఇద్దరినీ బతికే ఉంచారు. మనకు అటువంటి సినిమా ముందు వచ్చి ఉంటే నేను ఆ సిగరెట్టు కాల్చి దగ్గేవాణ్ణి కాదేమో అన్నాను.

తను గోడ క్యాలెండరు వైపు చూసింది. ఆ నెల మూడే చుక్కలు.

"సిగరెట్టు సంగతి సరే బావా," అంది, "ఇంతకూ గా హైదరాబాదు పిల్ల పేరేంది?"

ముప్పయ్యేళ్ళు దాటింది. ఇంకా తట్టలేదు.